తూలడం, తడబడడం, వద్దులెండి

నేను తాడేపల్లిగూడెంలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. చెబుతానంటే, చాలావరకు నడుస్తాను. 'టాటర్', 'స్టాగర్' అని బోర్డు మీద రాసి అర్థం చెబితే మా పిల్లలు రెంటికీ 'తూలు' అని ఒకే మాట రాసుకుంటారు. పరీక్షలో ఒకదాని చోట ఇంకొకటి పెట్టి, మార్కు పోయాక నా దగ్గరికొచ్చి, "రెండూ ఒకటే కదండీ మేడం" అంటారు. రెండూ ఒకటే అయితే రెండు మాటలు కనిపెట్టే తీరిక ఎవరికుంటుంది? అందుకని చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపి, డయాస్ మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూపిస్తాను.

అప్పుడే లేచి నిలబడడం నేర్చిన పాప నడక టాటర్. కాళ్ళలో బలం చాలక వేసే తప్పటడుగులన్నమాట. మోకాళ్ళు పట్టేసిన మామ్మగారిదీ అదే నడక. స్టాగర్ అలా కాదు. కాళ్ళు గట్టివే, కానీ వీపు మీద ధాన్యం బస్తా పడింది, లేదా తాగి ఉన్నాడు, లేదా అనుకోని మాటేదో విన్నాడు. వాబుల్ మనుషుల కంటే వస్తువులకు బాగా నప్పుతుంది, మా స్టాఫ్ రూములో కాలు వదులైన బల్లలాగా. అంచు మీద నిలబడి అటో ఇటో అన్నట్టు ఊగితే టీటర్. డ్రైవరు బ్రేకు మీద కాలేస్తే బస్సులో నిలబడ్డవాళ్ళంతా ఒక్కసారి ముందుకు పడబోతారే, అది లర్చ్. ఈ లర్చ్ చేసేటప్పుడు మొదటి బెంచీ ఆడపిల్లలు పుస్తకాలు గుండెలకు హత్తుకుని వెనక్కి జరుగుతారు. ఇంతవరకూ నేను ఎవరి మీదా పడలేదు.

కాళ్ళ సంగతి అయ్యాక మనసు సంగతి. బాగానే సాగుతూ మధ్యలో గొంతు సన్నగిల్లితే ఫాల్టర్. ఏలూరులో మా చర్చిలో క్రిస్మస్ నాడు ఒంటరిగా పాట ఎత్తుకున్న ప్రతివాళ్ళూ రెండో చరణంలో చేసే పని అదే. ఇదా అదా అని మనసు ఊగితే వేవర్. ఆ ఊగడం కూడా కుదురుగా ఊగకుండా, తీసింది పెడుతూ పెట్టింది తీస్తూ కంగారుపడితే డిదర్. దీనికి ఉదాహరణ చీరల కొట్లో మా అమ్మ. పిల్లలకి ఆ మాట ఇంకేదీ గుర్తులేకపోయినా మా అమ్మ గుర్తుంటుంది.

ఇన్ని తేడాలు తెలిసిన నేను, నా పెళ్ళి విషయానికి వచ్చేసరికి ఈ మాటలన్నిటి మీదుగా ఒక్కొక్కటే నడిచి, చేతికందిన మనిషిని కాస్తలో పోగొట్టుకోబోయాను. ఆ సంగతే చెబుతున్నాను.

నాకు నలభై దాటాయి. నాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది, ఏలూరులో అమ్మా నేనూ ఉంటాం. పెళ్ళెందుకు కాలేదని అడిగేవాళ్ళు ఏదో పెద్ద కథ ఉంటుందని ఆశపడతారు. ఏమీ లేదు. సంబంధాలు వచ్చాయి. "చూద్దామండి" అన్నాం. వాళ్ళూ "చూద్దామండి" అన్నారు. అలా రెండు వైపులా చూస్తూ ఉండగా వయసు దాటిపోయింది. నాకు దాని మీద పెద్ద బాధ లేదు. బాధంతా పెళ్ళిళ్ళలో కనిపించి "ఇంకేంటమ్మా విశేషాలు" అనేవాళ్ళ మీదే.

మా క్లాసుకు పక్క గదిలో ఫిజిక్స్ జరుగుతుంది. మధ్య గోడ పల్చన. ఒకరోజు నేను టీటర్ చేస్తుంటే పిల్లలు గది ఎగిరిపోయేలా నవ్వారు. పీరియడ్ అయ్యాక చూస్తే ఆ ఫిజిక్స్ మాస్టారు మా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.

"ఏవండీ మేడం గారూ, మీరేమీ అనుకోనంటే ఒక మాటండి."

నేను అనుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను. గొడవ ఎక్కువైందని ఫిర్యాదు చేస్తే తిరిగి ఏమనాలో కూడా లోపల పేర్చి పెట్టుకున్నాను.

"మీ టీటర్ ఉంది చూశారూ, అది మా చాప్టర్లోదండి. ఒక్కసారి మా పిల్లలకి కూడా చేసి చూపిస్తారా?"

పేర్చుకున్నవన్నీ వృథా అయ్యాయి. మర్నాడు వాళ్ళ క్లాసులో డయాస్ అంచు మీద మునివేళ్ళతో నిలబడ్డాను. ఆయన పక్కన బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి, "మేడం గారి బరువు ఈ పాదాల మధ్య పడినంతసేపూ మేడం గారు పడరు" అన్నారు. వెనక బెంచీలోంచి ఎవరో "బయట పడితేనండీ?" అని అడిగారు. "మనం పట్టుకోవాలండి" అని ఆయన చటుక్కున అనేశారు. క్లాసంతా ఘొల్లుమంది. ఆయన చెవులు రెండూ ఎర్రబడ్డాయి. నేను దిగి మా క్లాసుకు వచ్చి హాజరు తీసుకుంటుంటే, పిలిచిన పేరే మళ్ళీ పిలిచాను.

ఆయనది గుండుగొలను నుంచి కొల్లేరు వైపు లోపలికి వెళ్తే వచ్చే ఊరు. భార్య జబ్బుచేసి పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. అన్నగారి కుటుంబంతో ఉంటారు, వాళ్ళకు చేపల చెరువులున్నాయి. పొద్దున నేను ఏలూరులో ఎక్కిన బస్సే ఆయన గుండుగొలనులో ఎక్కుతారు. ముందు అది గమనించుకోలేదు. ఆ టీటర్ తర్వాత ఇద్దరం గమనించుకున్నాం. భీమడోలు దాటే వరకు సీటు దొరకదు కాబట్టి పైన కడ్డీ పట్టుకుని నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. ఆయన మాట్లాడేదీ ఈ మాటల గురించే.

"నీళ్ళు నమలడానికి ఇంగ్లీషులో ఏమంటారండి?"

"హెమ్ అండ్ హా అంటారు. అందులో నీళ్ళుండవు."

"పాపం, వాళ్ళకి నీళ్ళు లేవన్నమాట. మీనమేషాలు లెక్కపెట్టడానికో?"

"వాళ్ళు అన్ని లెక్కలు పెట్టరండీ. డిదర్ అని ఊరుకుంటారు."

ఉంగుటూరు వచ్చేసరికి చుట్టూ నిలబడ్డవాళ్ళు కూడా మాటలు అందించేవారు. జంకడం, వెనకాడడం, తటపటాయించడం, గుటకలు మింగడం, నసగడం. మనవాళ్ళు ఇన్ని రకాలుగా ఆగిపోతారని నాకు ఆ బస్సులోనే తెలిసింది. సెలవు రోజు వస్తే నాకు ఏమీ తోచేది కాదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఆయనకైతే అసలే చెప్పలేదు.

ఇక్కడ మా వైపు మర్యాద ఒకటి చెప్పాలి. ఎవరేం ఇవ్వబోయినా మొదటిసారి వద్దనాలి. పొద్దున్నుంచి కాఫీ చుక్క తగలక తల పగిలిపోతున్నా సరే, "అబ్బే, ఇప్పుడే తాగొచ్చామండి" అనాలి. ఇంటివాళ్ళు "ఒక్క గుక్కండి" అనాలి. "మీకెందుకండీ శ్రమ" అనాలి. మూడోసారికి "సరే, సగం ఇవ్వండి" అంటే నిండు గ్లాసు తెస్తారు. కూర దగ్గరా ఇంతే, బస్సులో సీటు దగ్గరా ఇంతే. మొదటిసారే "ఇవ్వండి" అన్నవాళ్ళను ఏమీ అనరు. వాళ్ళు వెళ్ళాక అంటారు. మా అమ్మ నాకు పలకా బలపం కంటే ముందు నేర్పింది ఈ వద్దనడమే.

ఒకరోజు సాయంత్రం తాడేపల్లిగూడెం బస్టాండులో ఏలూరు బస్సు కోసం నిలబడ్డాం. ఆయన చేతిలోని టిఫిన్ డబ్బా ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చారు. మళ్ళీ మొదటి చేతికి మార్చారు.

"మేడం గారూ, అంటేనండీ... మరి... మీకేమీ అభ్యంతరం లేకపోతే, మా అన్నయ్యగారినీ వదినగారినీ మీ అమ్మగారి దగ్గరికి పంపించమంటారా? మన గురించి మాట్లాడ్డానికండి."

నాకు అర్థమైంది. కాళ్ళు గట్టివే, భూమే కదిలింది. లోపల సంతోషం ఒక్కసారిగా పొంగింది. ఆ పొంగే సంతోషం మీద నా నోరు, దాన్నెవరూ అడగకుండానే, పుట్టినప్పటి నుంచీ అలవాటైన మాట అనేసింది.

"అబ్బే, ఇప్పుడవన్నీ ఎందుకులెండి."

"అలాగేనండి" అన్నారాయన. "ఏమీ అనుకోకండి."

బస్సు వచ్చింది. నాకు కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టి, గుండుగొలను వరకు చేపల రేట్ల గురించి మాట్లాడారు. నేను ఊఁ కొడుతూ రెండోసారి ఎప్పుడు అడుగుతారా అని ఎదురు చూశాను. భీమడోలు వచ్చింది. పోనీ దిగేటప్పుడు అడుగుతారనుకున్నాను. దిగేటప్పుడు "జాగ్రత్తగా వెళ్ళిరండి" అన్నారు.

మర్నాడు అడగలేదు. ఆ వారమూ అడగలేదు. తర్వాత ఆయన ఇంకా ముందు బస్సుకు వెళ్ళడం మొదలుపెట్టారు, నాకు ఇబ్బంది కలగకూడదనట. ఆ మాట ఇంకెవరితోనో అన్నారని తెలిసి నాకు ఒళ్ళు మండింది. నాకు ఇబ్బందని ఈయనకెవరు చెప్పారు? సాయంత్రాలు ఇంట్లో ఫోన్ పట్టుకుని కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. వాట్సాప్‌లో ఆయన పేరు కింద 'టైపింగ్' అని వచ్చేది. టైపింగ్ పోయేది. మళ్ళీ వచ్చేది, మళ్ళీ పోయేది. చివరికి 'గుడ్ నైట్ అండి' అని వచ్చేది. ఫోన్ మంచం మీదకు విసిరి, మళ్ళీ నేనే తెచ్చుకుని, 'గుడ్ నైట్ అండి' అని కొట్టేదాన్ని. ఇంత పొడుగు ఆలోచనకు ఇంత పొట్టి మాటలేమిటని నా మీద నాకే విసుగు.

క్లాసులో వేవర్ చెప్పాల్సిన రోజు వచ్చింది. "ఉదాహరణ చెప్పండి మేడం" అన్నారు పిల్లలు. మీ మేడమే ఉదాహరణ అని నోటి చివరిదాకా వచ్చింది. మింగేసి, మా అమ్మనీ చీరల కొట్టునీ దీనికీ వాడుకున్నాను.

వేసవి సెలవుల ముందు స్టాఫ్ రూములో తెలిసింది. విజయనగరంలో మా కాలేజీ వాళ్ళది ఇంకో బ్రాంచి ఉంది. అక్కడికి ఫిజిక్స్ చెప్పడానికి ఎవరైనా వెళ్తారా అని యాజమాన్యం అడిగితే, ఈయన వెళ్తానన్నారట. అదీ మొదటిసారి అడగ్గానే. అందరూ మంచి నిర్ణయమండీ అంటున్నారు. నేనూ మంచి నిర్ణయమండీ అన్నాను. "అంతా మీ అందరి దయండీ" అన్నారు ఆయన, నా వైపు చూడకుండా. కాలు వదులైన ఆ బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. అది ఊగుతోందో నేను ఊగుతున్నానో తెలియలేదు.

ఆ సాయంత్రం అమ్మ చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. నేను బ్యాగ్ పడేసి పక్కన చతికిలబడి మొత్తం చెప్పేశాను. బస్సూ, బస్టాండూ, వద్దులెండీ, విజయనగరమూ. ఎవరి తప్పని అడిగితే ఆయనదేనని కూడా చెప్పాను. ఒక్కసారి అడిగి ఊరుకునే మనిషి మా జిల్లాలో ఎలా పుట్టాడని గట్టిగానే అన్నాను.

అమ్మ తలెత్తలేదు. గింజలు తీస్తూనే అంది.

"నాకు పదో తరగతి అయ్యాక, మిషన్ ఆసుపత్రిలో డాక్టరమ్మగారు నన్ను పిలిపించారే. నర్సు ట్రైనింగ్‌కి వస్తావా అమ్మాయ్ అన్నారు. నాకెంత ఇష్టమో. ఆ తెల్ల బట్టలూ, ఆ నడకా... ఆదివారం వాళ్ళు చర్చిలో వరసగా కూచుంటే చూస్తూ ఉండేదాన్ని."

ఈ సంగతి నాకు తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు.

"ఏమన్నావమ్మా?"

"ఏమంటాను. అబ్బే, వద్దులెండి అన్నాను. పెద్దావిడ కదా, మొదటిసారే సరేనంటే ఏం బాగుంటుంది? ఆవిడ అలాగేనమ్మా అని పక్కింటి పిల్లని పిలిచారు. ఆ పిల్ల వెళ్ళింది." అమ్మ చేతులు దులుపుకుంది. "నన్ను మళ్ళీ ఎవరూ అడగలేదమ్మా."

అమ్మ నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు చూస్తే నాకు భయం వేసింది. మనం ఇంత మర్యాదగా బతికి చివరికి ఏం పొందుతామని మొదటిసారి అనిపించింది.

ఆదివారం ఆరాధన అవగానే, అమ్మని ఆటో ఎక్కించి, నేను గుండుగొలను బస్సెక్కాను. ఎందుకని అమ్మ అడగలేదు. గుండుగొలనులో దిగి షేర్ ఆటోలో వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇంటి దగ్గర వాళ్ళ వదినగారు ఆశ్చర్యపోతూనే కుర్చీ వేసి, కాఫీ ఇవ్వబోయి, "మరిదిగారు చెరువు మీదున్నారండీ, కబురు చేస్తాను" అన్నారు. వద్దని నేనే బయల్దేరాను. ఈసారి నిజంగానే వద్దని.

గట్టు సన్నం, పైగా ముందు రోజు వాన కురిసింది. కట్టుకున్నది పట్టుచీర. చెప్పులు బురదలో దిగుతుంటే ఒక్కో కాలూ పీక్కుంటూ నడిచాను. ఆయన చెరువు మధ్యలో చిన్న పడవలో నిలబడి, గుంజలకు చేపల మేత తవుడు సంచులు కడుతున్నారు. లుంగీ, తలకి తువ్వాలు. ఫిజిక్స్ మాస్టారిని ఆ వేషంలో చూడడం అదే మొదలు. నన్ను చూసి గెడ వేసుకుంటూ గట్టుకు వచ్చారు.

"మేడం గారూ, మీరా? ఏమైందండీ? అమ్మగారు బావున్నారా?"

"బావుందండి. మీతో మాట్లాడాలి. నన్ను పడవెక్కించుకోండి."

గట్టు మీద మాట్లాడితే ఇద్దరిలో ఒకరం మర్యాదగా ఏదో అనేసి వెళ్ళిపోతామని నాకు తెలుసు. చెరువు మధ్య నుంచి ఎక్కడికి పోతాం?

నేను కాలు పెట్టగానే పడవ పక్కకు ఒరిగింది. నేను క్లాసులో చేసే నడకలన్నీ రెండు అడుగుల్లో చేసేశాను. "మధ్యలో కూర్చోండి, మధ్యలో" అంటూ ఆయన చెయ్యందించారు. కూర్చున్నాను. గట్టు దూరమయ్యాక, వచ్చేటప్పుడు బస్సులో పేర్చుకున్న వాక్యాలన్నీ నీళ్ళపాలయ్యాయి. మిగిలింది చెప్పాను.

"ఆ రోజు నేను వద్దన్నది మర్యాదకండీ. మీరు మళ్ళీ అడుగుతారనుకున్నాను."

ఆయన గెడ ఆపేశారు.

"కూరైతే మళ్ళీ అడుగుతామండి" అన్నారు మెల్లగా. "ఆడమనిషి వద్దన్నాక మళ్ళీ అడగడం తప్పు కాదండీ?"

నా కోపమంతా అక్కడే పోయింది. ఇన్నాళ్ళు తిట్టుకున్నది ఈ మంచితనాన్నా అని సిగ్గేసింది. అయినా వచ్చిన పని వదల్లేదు.

"అయితే నేనడుగుతాను. మనం పెళ్ళి చేసుకుందామా?"

ఆయన కంగారుగా తలమీది తువ్వాలు తీసి, మొహం తుడుచుకుని, మళ్ళీ తలకి చుట్టుకున్నారు. "అబ్బే, మీరు టౌనులో పెరిగినవాళ్ళు. మాదంతా నీళ్ళూ బురదానండి. పైగా నాకు ఒకసారి పెళ్ళయింది. మీకెందుకండీ ఈ ఇబ్బంది? వద్దులెండి."

వద్దులెండి. పట్టుచీర బురదలో ముంచుకుని వచ్చిన మనిషితో అనే మాటేనా అది? లేచి నిలబడబోయాను. పడవ ఊగింది. కూర్చున్నాను. అప్పుడు ఆయన మొహం చూశాను. చెవులు రెండూ ఎర్రగా ఉన్నాయి, కళ్ళలో నీళ్ళున్నాయి. ఆయన నోరు కూడా, నా నోరు చేసిన పనే చేసిందని తెలిసింది.

"ఇది రెండోసారండీ" అన్నాను. "మనం పెళ్ళి చేసుకుందామా?"

"చేసుకుందామండి" అన్నారు.

అంత నెమ్మదిగా మాట్లాడే మనిషి ఆ ఒక్క మాట ఎంత తొందరగా అన్నారంటే, చేతిలో గెడ జారి నీళ్ళలో పడింది. దాన్ని అందుకోవడానికి ఇద్దరం ఒకే పక్కకు వంగాం. పడవ ఒరిగి మా ఒళ్ళోకి సగం చెరువు వచ్చింది. చేతులతో నీళ్ళు తోసుకుంటూ గట్టుకు చేరేసరికి నేను నవ్వలేక చచ్చాను. విజయనగరం సంగతేమిటని అడిగితే, పొద్దున్నే ఫోన్ చేసి రానని చెప్తానన్నారు.

"వాళ్ళు మళ్ళీ అడిగితేనండీ?"

"వాళ్ళు అడగరండి. వాళ్ళకి మర్యాద తెలీదు."

సాయంత్రానికి ఏలూరు చేరాను. అమ్మ వీధి గుమ్మంలోనే కూర్చుని ఉంది. నా చీర చూసింది, చెప్పులు చూసింది, ఏమీ అడగకుండా చెంబుతో నీళ్ళు తెచ్చి పోసింది. కాళ్ళు కడుక్కుంటూ చెప్పాను.

"నేనే అడిగానమ్మా."

"ఏమన్నారు?"

"వద్దులెండి అన్నారు."

అమ్మ చెంబు కింద పెట్టేసింది.

"మళ్ళీ అడిగాను. సరేనన్నారు."

"మళ్ళీ అడిగావా" అంది అమ్మ. అని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా బావురుమంది. నేను పక్కన కూర్చుని, తడి చేత్తోనే అమ్మ వీపు నిమురుతూ ఉండిపోయాను. ఆ ఏడుపు నా పెళ్ళి గురించి కాదని ఇద్దరికీ తెలుసు.